మన కో-ఆప్ గ్యాసు ప్లాంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఒకప్పుడు పొలాలకీ పల్లెలకీ కరెంటు ఇవ్వడానికి పుట్టిన విద్యుత్ సహకార సంఘాల పరిధిలోకి ఇప్పుడు పెద్ద పెద్ద కాలనీలు వచ్చేశాయి. జార్జియాలో కమింగ్ దగ్గరా, టెక్సస్‌లో డెంటన్ చుట్టుపక్కలా ఉంటున్న తెలుగువాళ్లలో చాలామంది ఈ కో-ఆప్‌ల మెంబర్లే. ఈ సంఘాల సొంత గ్యాసు ప్లాంట్ల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు.

ప్రశ్న: మాది కమింగ్. కరెంటు సానీ ఈఎంసీ (ఎలక్ట్రిక్ మెంబర్‌షిప్ కార్పొరేషన్, అంటే మా కో-ఆప్) ఇస్తుంది. నన్ను కస్టమర్ అనరు, మెంబర్ అంటారు. అంటే ఓగల్‌థార్ప్ గ్యాసు ప్లాంట్లలో నాకు వాటా ఉన్నట్టేనా? ఉంటే అమ్ముకోవచ్చా?

వాటా ఉంది, అయితే నేరుగా కాదు. మీరు సానీకి మెంబరు. సానీ ఓగల్‌థార్ప్ పవర్‌కి మెంబరు. 1974లో ఏర్పడిన ఓగల్‌థార్ప్‌కి ఇవాళ జార్జియాలోని 38 ఈఎంసీలు యజమానులు. ఇలా పంపిణీ సంఘాలన్నీ కలిసి కరెంటు ఉత్పత్తి కోసం పెట్టుకునే పై సంస్థను జీ అండ్ టీ అంటారు. జనరేషన్, ట్రాన్స్‌మిషన్ రెండూ ఒకే గొడుగు కింద ఉండడం మామూలు పద్ధతి. జార్జియాలో మాత్రం పెద్ద లైన్లను వేరే సహకార సంస్థ చూసుకుంటుంది.

ఓగల్‌థార్ప్‌కి అణువిద్యుత్తులో వాటాలున్నాయి, గ్యాసు ప్లాంట్లూ ఉన్నాయి. డాల్టన్ దగ్గరున్న థామస్ ఎ. స్మిత్ కంబైన్డ్ సైకిల్ ప్లాంటును (గ్యాసు టర్బైన్ పొగ వేడితో ఆవిరి పుట్టించి ఇంకో టర్బైన్‌ని కూడా తిప్పే రకం) 2011లో ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర కొన్నారు. ఒక్కో ప్లాంటు ఖర్చులో ఏ ఈఎంసీ ఎంత శాతం భరించాలో ముందే ఒప్పందం రాసుకుంటారు. ప్లాంటు నడిచినా నడవకపోయినా ఆ శాతం ప్రకారం అప్పు వాయిదా, సిబ్బంది జీతాలు, ఇన్సూరెన్స్ కట్టాల్సిందే. అప్పులిచ్చేవాళ్లకు అసలు హామీ ఈ దీర్ఘకాలిక ఒప్పందాలే. 1935లో రూజ్వెల్ట్ ఉత్తర్వుతో మొదలై, 1936 చట్టంతో స్థిరపడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వారసత్వం ఇప్పుడు వ్యవసాయ శాఖలోని రూరల్ యుటిలిటీస్ సర్వీస్ చేతిలో ఉంది. కో-ఆప్ ప్లాంట్లకు పెద్ద అప్పులు చాలావరకు ఆ దారిలోనే వస్తాయి.

మీ వాటాను షేరులా అమ్మలేరు. ఖర్చులు పోను మిగిలింది లాభంగా పంచరు, క్యాపిటల్ క్రెడిట్స్ పేరుతో మీ ఖాతాలో రాస్తారు. దాన్ని ఎప్పుడు వెనక్కి ఇవ్వాలో బోర్డు నిర్ణయిస్తుంది. సంవత్సరాలు పట్టడం మామూలే. ఇక్కడ చాలామంది పోగొట్టుకునే డబ్బు ఒకటుంది. ఇల్లు మారేటప్పుడు కనెక్షన్ కట్ చేయించుకుని వెళ్లిపోతారు, కొత్త చిరునామా ఇవ్వరు. పదేళ్ల తర్వాత చెక్కు పాత ఇంటికి వెళ్లి తిరిగొస్తుంది. రాష్ట్రం మారినా సరే, చిరునామా మార్చుకుంటూ ఉండండి.

మిగులు కరెంటు బయట అమ్మి బాగా సంపాదించవచ్చు కదా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఫెడరల్ పన్ను మినహాయింపు తీసుకునే కో-ఆప్‌లకు ఆదాయంలో కనీసం 85 శాతం మెంబర్ల నుంచే రావాలి. అంతకంటే తగ్గితే ఆ ఏడాదికి మినహాయింపు పోతుంది. అందుకే ప్లాంటును మెంబర్ల అవసరానికి సరిపడా కట్టుకుంటారు. వ్యాపారం కోసం కట్టరు.

ప్రశ్న: మా పశ్చిమ టెక్సస్‌లో కో-ఆప్‌లు టర్బైన్ బదులు వరసగా పెద్ద ఇంజిన్లు పెట్టి కరెంటు తీస్తున్నాయి. కంబైన్డ్ సైకిల్ ఎక్కువ పొదుపు అని చదువుకున్నాం. మరి ఇదెందుకు?

మీరు చెప్పేది గోల్డెన్ స్ప్రెడ్ కో-ఆప్‌కి ఆబర్నతీ దగ్గరున్న యాంటిలోప్ స్టేషన్ లాంటిది. 2011లో మొదలైన ఆ ప్లాంటులో 18 గ్యాసు ఇంజిన్లు, మొత్తం 168 మెగావాట్లు. ఒక్కోటీ తొమ్మిది మెగావాట్లకు కాస్త పైన.

ముందు లెక్క చూద్దాం. వెయ్యి యూనిట్లు తీయడానికి ఎన్ని మిలియన్ బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) గ్యాసు కావాలో చెప్పేది హీట్ రేట్. మంచి కంబైన్డ్ సైకిల్‌కి సుమారు 6.8. ఇంజిన్లకు 8.5 దగ్గర. ఒంటరి టర్బైన్‌కి, అంటే పొగ వేడి నుంచి ఆవిరి తీయకుండా వదిలేసే పీకర్‌కి, 10 చుట్టూ. గ్యాసు మిలియన్ బీటీయూ 3 డాలర్లు ఉన్నప్పుడు వెయ్యి యూనిట్లకు ఇంధన ఖర్చు వరసగా 20, 25, 30 డాలర్ల దగ్గర ఉంటుంది. అదే గ్యాసు 8 డాలర్లైతే 54, 68, 80. గ్యాసు పెరిగేకొద్దీ తేడా ఎలా సాగిపోతోందో గమనించండి. రోజంతా, ఏడాదంతా నడిపే ప్లాంటుకైతే కంబైన్డ్ సైకిల్‌ని మించింది లేదు.

అయితే పశ్చిమ టెక్సస్‌లో ప్లాంటుకి రోజంతా పని ఉండదు. గాలి బాగా వీచే రాత్రి అక్కర్లేదు, గాలి పడిపోయిన సాయంత్రం ఒక్కసారిగా కావాలి. ఇంజిన్ అయిదు నిమిషాల్లో పూర్తి లోడు అందుకుంటుంది. 40 మెగావాట్లు కావాలంటే అయిదు ఇంజిన్లు వేస్తారు. అవి దాదాపు పూర్తి సామర్థ్యంలోనే నడుస్తాయి కాబట్టి హీట్ రేట్ చెడదు. పెద్ద టర్బైన్‌ని సగం లోడు కిందికి దింపితే హీట్ రేట్ పాడవుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరిగి పర్మిట్ పరిమితి దాటుతుంది. ఒక ఇంజిన్ చెడితే పోయేది తొమ్మిది మెగావాట్లే. 168 మెగావాట్ల టర్బైన్ ఒకటే ఉండి అది ట్రిప్ అయితే మొత్తం పోతుంది.

ఇంకో రెండు లాభాలకు తగినంత పేరు రాలేదని మా అభిప్రాయం. ఇంజిన్లను రేడియేటర్లతో చల్లబరచవచ్చు కాబట్టి నీటి వాడకం చాలా తక్కువ. గ్యాసు ప్రెషర్ కూడా తక్కువ చాలు. పెద్ద టర్బైన్లకు చదరపు అంగుళానికి 400 పౌండ్లకు పైగా కావాలి. పైప్‌లైన్‌లో అంత లేకపోతే కంప్రెసర్ పెట్టాలి. ఆ కంప్రెసర్ ఆగితే ప్లాంటూ ఆగినట్టే.

నష్టాలూ ఉన్నాయి. ఒక్కో ఇంజిన్‌కి 20 సిలిండర్ల చొప్పున 18 ఇంజిన్లకు 360. అన్ని స్పార్క్ ప్లగ్గులు, అన్ని వాల్వులు. మరమ్మతు ఎప్పుడూ ఏదో ఒక ఇంజిన్ మీద నడుస్తూనే ఉంటుంది. లూబ్ ఆయిల్ ఖర్చు ఎక్కువ. పైగా సిలిండర్‌లో కాలకుండా కొంత మీథేన్ పొగగొట్టంలోంచి పోతుంది. వాతావరణం లెక్కలో దాన్ని వదిలేసి ఇంజిన్లను మెచ్చుకోవడం సరికాదు.

ప్రశ్న: మాది డెంటన్ ప్రాంతం. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు లేకుండా గడిపాం. గ్యాసు ప్లాంటు ఉన్న కో-ఆప్ ఎందుకు నిలబడలేకపోయింది? సొంత ప్లాంటు ఉంటే భద్రత కదా?

ప్లాంటు సొంతమైనంత మాత్రాన గ్యాసు సొంతం కాదు. ఈ కాలమ్‌లో మిగతాదంతా మర్చిపోయినా ఈ జవాబు గుర్తుంచుకోండి.

ఆ తుపానులో అనుకోకుండా ఆగిన ప్లాంట్ల మీద ఫెడరల్ రెగ్యులేటర్ విచారణ జరిపింది. 44 శాతం కేసుల్లో కారణం గడ్డకట్టడం, 31 శాతంలో ఇంధనం అందకపోవడం. రెండింటినీ విడివిడిగా చూడాలి.

ప్లాంటు లోపల గడ్డకట్టేది పెద్ద యంత్రాలు కాదు. బాయిలర్ డ్రమ్ములో నీటి మట్టం కొలిచే ట్రాన్స్‌మిటర్ దాకా అర అంగుళం గొట్టం ఒకటి వెళ్తుంది, అందులో కదలని నీళ్లుంటాయి. ఆ గొట్టం చుట్టూ వేడి తీగ చుట్టి, పైన ఇన్సులేషన్ వేస్తారు. వేసవిలో ఎవరో ట్రాన్స్‌మిటర్ బాగుచేస్తూ ఇన్సులేషన్ విప్పి మళ్లీ సరిగా కట్టరు, లేదా వేడి తీగ సర్క్యూట్ బ్రేకర్ ట్రిప్ అయి ఉంటుంది, దానికి అలారం ఉండదు. చలి రాత్రి గాలి కూడా తోడైతే ఆ గొట్టం గడ్డకట్టి తప్పుడు మట్టం చూపిస్తుంది. కంట్రోల్ సిస్టమ్ అది నిజమని నమ్మి వందల మెగావాట్ల యూనిట్‌ని ట్రిప్ చేస్తుంది. వాల్వులను నడిపే ఇన్‌స్ట్రుమెంట్ గాలిలో తేమ ఉంటే వాల్వులు కూడా ఇలాగే బిగుసుకుపోతాయి. నివారణ ఖరీదైందేమీ కాదు. అక్టోబర్ లోపు ప్రతి హీట్ ట్రేస్ (వేడి తీగ) సర్క్యూట్‌లో కరెంటు ఎంత పోతోందో కొలిచి, పోయినేటి కాగితంతో పోల్చుకోవాలి. గాలి వీచే వైపు తాత్కాలికంగా తెరలు కట్టాలి. ఎయిర్ డ్రయర్ డ్యూ పాయింట్ (గాలిలో తేమ ఎంతుందో చెప్పే ఉష్ణోగ్రత) చూడాలి. ఇన్సులేషన్ లోపాలను థర్మల్ కెమెరాతో వెతకాలి.

ప్లాంటు బయట సంగతి ఇంకా కష్టం. బావుల దగ్గర గ్యాసుతో పాటు వచ్చే నీరు గడ్డకట్టి ఉత్పత్తి పడిపోయింది. గ్యాసు క్షేత్రాల్లో కొన్ని యంత్రాలు నడిచేది కరెంటుతోనే, కరెంటు కోతల్లో అవి కూడా ఆగాయి. అప్పుడు పైప్‌లైన్ కంపెనీ మొదట కోసేది ఇంటరప్టిబుల్ ఒప్పందం, అంటే అవసరమైతే ఆపేయవచ్చనే షరతు, ఉన్నవాళ్ల గ్యాసు. తప్పక ఇస్తామని హామీ ఉండే ఫర్మ్ ఒప్పందానికి వాడినా వాడకపోయినా నెలనెలా డబ్బు కట్టాలి. అందుకే కొన్ని ప్లాంట్లు ఖర్చు తగ్గించుకోవడానికి ఇంటరప్టిబుల్‌తో సరిపెట్టుకుంటాయి. మామూలు రోజుల్లో తేడా తెలియదు. ఇంకో మెలిక ఏమిటంటే, రవాణా ఫర్మ్‌గా ఉన్నా గ్యాసు అమ్మేవాడు చేతులెత్తేస్తే పైపు ఖాళీగానే ఉంటుంది. రెండూ ఫర్మ్‌గా ఉండాలి, లేదా నిల్వ ఉండాలి.

గ్యాసు వ్యాపారం గడియారం కూడా వేరు. గ్యాసు రోజు సెంట్రల్ టైమ్ ఉదయం 9కి మొదలవుతుంది. రేపటి గ్యాసు ఎంత కావాలో ఈరోజు మధ్యాహ్నం 1 లోపు చెప్పాలి. తర్వాత మార్చుకునే అవకాశాలున్నాయి, చలిలో అవి పేరుకే. వారాంతానికి శుక్రవారమే కొనాలి. 2021లో ప్రెసిడెంట్స్ డే సెలవు కలిసొచ్చి శనివారం నుంచి మంగళవారం దాకా నాలుగు రోజుల గ్యాసు ఒకేసారి కొనాల్సి వచ్చింది. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే తుపాను ముంచుకొచ్చింది.

ఇక డబ్బు. టెక్సస్ మార్కెట్లో అప్పటి గరిష్ఠ ధర వెయ్యి యూనిట్లకు 9,000 డాలర్లు, అంటే యూనిట్ 9 డాలర్లు. రోజుల తరబడి ధర అక్కడే నిలిచిపోయింది. 500 మెగావాట్ల సొంత ప్లాంటు ఆగిపోతే, ఆ కరెంటు మెంబర్ల కోసం మార్కెట్లో కొనాలి. గంటకు 45 లక్షల డాలర్లు, రోజుకి 10.8 కోట్లు. డెంటన్ ప్రాంతంలోని కోసర్వ్‌తో సహా పదహారు సంఘాలకు అప్పట్లో కరెంటు అందించిన బ్రేజోస్ ఎలక్ట్రిక్ కో-ఆప్ మీద దాదాపు 200 కోట్ల డాలర్ల బిల్లు పడింది, 2021 మార్చి 1న అది దివాలా పిటిషన్ వేసింది. సొంత గ్యాసు ప్లాంట్లున్న సంస్థ అది. దివాలా నుంచి బయటపడే ప్రణాళికలో వాటిని అమ్మేయాల్సి వచ్చింది. తర్వాత, 2022 నుంచి, గరిష్ఠ ధరను 5,000 డాలర్లకు తగ్గించారు.

మీ కో-ఆప్ సమావేశంలో అడగడానికి: ప్లాంటు పూర్తి లోడుకి కావలసిన గ్యాసులో ఎంత శాతానికి ఫర్మ్ రవాణా ఉంది? నిల్వ ఎన్ని రోజులకు సరిపోతుంది? డీజిల్ మీద నడిచే ఏర్పాటు ఉంటే, చివరిసారి లోడు మీద ఉండగా ఇంధనం మార్చి చూసింది ఎప్పుడు? ఈ మూడో ప్రశ్నకు జవాబు సాధారణంగా ఇబ్బందికరంగా ఉంటుంది. డీజిల్ ట్యాంకు అడుగున నీరు చేరుతుంది, నాజిళ్లు మసిబారతాయి, మార్పు వాల్వు అతుక్కుపోతుంది. పరీక్షించని డీజిల్ ఏర్పాటు లేనట్టే లెక్క. 200 మెగావాట్ల పీకర్ గంటకు సుమారు 14,500 గ్యాలన్లు తాగుతుంది. పది లక్షల గ్యాలన్ల ట్యాంకు మూడు రోజులకు కాస్త తక్కువే వస్తుంది. ఆ తర్వాత నిలబెట్టాలంటే 7,500 గ్యాలన్ల ట్యాంకర్లు గంటకు రెండు చొప్పున రావాలి, మంచు పట్టిన రోడ్ల మీద.

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్నాను. కంబైన్డ్ సైకిల్ ప్లాంటు స్టార్ట్ చేయడానికి గంటలు ఎందుకు పడుతుంది? ఎక్కువగా చెడేది ఏది?

గ్యాసు టర్బైన్‌కి గంటలు అక్కర్లేదు, అరగంటలోపే సిద్ధమవుతుంది. ఆలస్యమంతా దాని వెనకున్న బాయిలర్ వల్ల, ఆవిరి టర్బైన్ వల్ల. రాత్రి ఆపి పొద్దున వేస్తే గంట, గంటన్నర. మూడు నాలుగు రోజులు చల్లారిపోయిన యూనిట్‌కి మూడు నాలుగు గంటలు, పాత ప్లాంట్లలో ఇంకా ఎక్కువ.

వరస ఇది. స్టార్టింగ్ మోటారుతో టర్బైన్‌ని మంట లేకుండా తిప్పి, బాయిలర్ దాకా ఉన్న దారిలో కనీసం అయిదు రెట్ల ఘనపరిమాణం గాలి పంపాలి. పాత గ్యాసు ఎక్కడైనా చిక్కుకుని ఉంటే పేలకుండా ఈ పర్జ్. తర్వాత మంట, నిమిషానికి 3,600 చుట్లు, గ్రిడ్‌తో కలపడం. ఇక్కడ తక్కువ లోడు మీద ఆపి బాయిలర్‌ని వేడెక్కనిస్తారు. డ్రమ్ములో నీరు మరగడం మొదలుకాగానే బుడగలతో మట్టం ఉబ్బుతుంది, అందుకే ముందే మామూలు కంటే తక్కువ నింపుకుంటారు. నింపడం మర్చిపోయినా, ఎక్కువ నింపినా ఇక్కడే ట్రిప్. పుట్టిన ఆవిరిని మొదట బైపాస్ ద్వారా కండెన్సర్‌కి (ఆవిరిని మళ్లీ నీరుగా మార్చేది) పంపుతారు. ఆవిరి వేడి, ఆవిరి టర్బైన్ లోహం వేడి దగ్గరదగ్గరగా వచ్చాకే టర్బైన్‌లోకి వదులుతారు. చల్లటి గాజు గ్లాసులో మరిగే నీళ్లు పోస్తే ఏమవుతుందో టర్బైన్‌లో తిరిగే మందపాటి ఇరుసుకీ, అంటే రోటర్‌కీ, అదే ప్రమాదం, కాకపోతే పగులు కొన్ని వందల స్టార్టుల తర్వాత కనిపిస్తుంది. పొగ దారిలోని క్యాటలిస్ట్ తగినంత వేడెక్కాక అమ్మోనియా వదిలి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తారు.

ఎక్కువగా చెడేది బాయిలర్ సూపర్‌హీటర్ గొట్టాలు, అంటే ఆవిరిని ఇంకా వేడెక్కించేవి. ఎందుకో దగ్గరగా చూడండి. పర్జ్ చేసేటప్పుడు వేడి గొట్టాల మీదుగా చల్లగాలి వెళ్తుంది. లోపలి ఆవిరి నీరుగా మారి కింది హెడర్‌లో (గొట్టాలన్నీ కలిసే పెద్ద పైపు) చేరుతుంది. డ్రెయిన్ తెరిచి ఆ నీటిని తీయకపోతే, ఆవిరి ప్రవాహం మొదలవగానే ఆ నీరు కొన్ని గొట్టాల్లోకి ఎగబాకుతుంది. పక్క గొట్టాలు బాగా వేడిగా ఉంటే ఇవి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతాయి. గొట్టం వంగుతుంది, హెడర్ వెల్డు దగ్గర పగులు మొదలవుతుంది. డ్రెయిన్ తెరిచాం అని ఆపరేటర్ నిజాయితీగానే చెబుతాడు. కానీ హై ప్రెషర్ డ్రెయిన్, రీహీట్ (తక్కువ ప్రెషర్ ఆవిరిని రెండోసారి వేడెక్కించే భాగం) డ్రెయిన్ రెండూ ఒకే పైపులో కలిపి ఉంటే, ఎక్కువ ప్రెషర్ ఉన్నది రెండోదాన్ని వెనక్కి నెడుతుంది, నీరు కదలదు. డ్రెయిన్ పైపు మీద ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.

రెండో దొంగ డీసూపర్‌హీటర్ స్ప్రే. ఆవిరి వేడి తగ్గించడానికి చల్లే ఈ నీటి వాల్వు మూసి ఉన్నా కారుతుంటుంది. వాల్వు మూసినప్పుడు దానికి ముందూ వెనకా ఆవిరి ఉష్ణోగ్రతలు ఒకేలా ఉండాలి. తేడా ఉంటే కారుతోందనే అర్థం. స్ప్రే తర్వాత ఆవిరి, సంతృప్త ఉష్ణోగ్రత (ఆ ప్రెషర్‌లో నీరు మరిగే వేడి) కంటే కనీసం 50 ఫారన్‌హీట్ డిగ్రీలు పైన ఉండేలా చూడాలి. లేకపోతే నీటి బిందువులు ఆవిరైపోకుండా గొట్టం గోడను కొడతాయి.

మూడోది నిదానంగా చంపేది. నీటిని ఆవిరి చేసే లో ప్రెషర్ ఎవాపరేటర్‌లో, 300 ఫారన్‌హీట్ దరిదాపుల్లో, కార్బన్ స్టీల్ లోపలి రక్షణ పొర ప్రవాహానికి కరిగిపోతూ గోడ పలచబడుతుంది. నీటి పీహెచ్ తక్కువగా ఉంచినా, ఆక్సిజన్ తీసే రసాయనం అతిగా వేసినా ఇది పెరుగుతుంది. రాగి లోహాలు లేని బాయిలర్లలో ఆ రసాయనం వేయకపోవడమే మంచిదని ఇప్పటి అవగాహన. వంపుల దగ్గర మందం కొలవాలి. కొత్తగా మార్చే గొట్టాలు కాస్త క్రోమియం ఉన్న స్టీల్‌తో వేసుకుంటే సమస్య దాదాపు తీరుతుంది.

ప్రశ్న: వేసవిలో కరెంటు ఎక్కువ కావాల్సిన సమయానికే ప్లాంటు తక్కువ ఇస్తుందట. నిజమేనా?

నిజమే. టర్బైన్ పీల్చేది గాలి ఘనపరిమాణం, శక్తి వచ్చేది దాని బరువు నుంచి. వేడి గాలి తేలిక. రేటింగ్ 59 ఫారన్‌హీట్ దగ్గర రాస్తారు. 100 డిగ్రీల రోజున పెద్ద టర్బైన్ శక్తి సుమారు 15 శాతం తగ్గవచ్చు. గాలి లోపలికి వచ్చే చోట తడి మాధ్యమం పెట్టి చల్లబరుస్తారు. గాలి 100 డిగ్రీలు, తడి బల్బు (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది) 70 డిగ్రీలు, మాధ్యమం సామర్థ్యం 85 శాతం అనుకుంటే లోపలికి వెళ్లే గాలి 74.5 డిగ్రీలు. పొడి గాలి ఉన్న పశ్చిమ టెక్సస్‌లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, జార్జియా ఉక్కపోతలో తక్కువ. మీ కో-ఆప్ పత్రికలో ప్లాంటు సామర్థ్యం చూస్తే అది వేసవి అంకెనా, శీతాకాలపు అంకెనా అని చూసుకోండి.

ప్రశ్న: బిల్లులో పవర్ కాస్ట్ అడ్జస్ట్‌మెంట్ అనే వరస నెలనెలా మారుతోంది. గ్యాసు ధర తగ్గిందని వార్తల్లో చెప్పాక కూడా ఇది పెరిగింది.

అసలు రేటులో ఇంధనం ఖర్చు ఇంత అని ముందే ఒక అంచనా కలిపి ఉంటుంది. నిజం ఖర్చుకీ ఆ అంచనాకీ తేడా ఈ వరసలో వస్తుంది. లెక్క తేలి జీ అండ్ టీ నుంచి మీ సంఘానికి, అక్కడి నుంచి మీకు చేరేసరికి ఒకటి రెండు నెలలు గడుస్తాయి. కొన్ని సంఘాలు ఒక్కసారిగా దెబ్బ పడకుండా నెలల మీద పరుస్తాయి కూడా. ఇంకో కారణం, గ్యాసులో కొంత ముందే స్థిరమైన ధరకు కొనిపెట్టుకుంటారు. ధర పెరిగితే అది మిమ్మల్ని కాపాడుతుంది, తగ్గితే మీకు వెంటనే అందదు. ఆ రక్షణ ఖర్చు తప్పుకాదు. ఎంత శాతం అలా కట్టేశారో మెంబర్లకు చెప్పకపోతే అది తప్పు.

ప్రశ్న: మా కో-ఆప్ బోర్డులో ఉన్నాను. ఒక ప్రైవేటు కంపెనీ పాత గ్యాసు ప్లాంటు అమ్ముతామంటోంది. కొత్తది కట్టడం కంటే ఎంతో చవక. ఏం చూడాలి?

వయసు ఎన్నేళ్లని అడక్కండి. ఎన్ని గంటలు నడిచింది, ఎన్నిసార్లు స్టార్ట్ అయింది, పూర్తి లోడు నుంచి ఎన్నిసార్లు ట్రిప్ అయింది అని అడగండి. పూర్తి లోడు ట్రిప్ ఒక్కటి ఎన్నో మామూలు స్టార్టుల అరుగుదలకు సమానం. సాధారణంగా 24,000 గంటల దగ్గర వేడి భాగాల మరమ్మతు, 48,000 దగ్గర పెద్ద మరమ్మతు ఉంటాయి, స్టార్టుల లెక్క ముందే దాటితే అది ముందే వస్తుంది. రోటర్‌కి కూడా ఆయుష్షు ఉంది. బాగా వాడుకలో ఉన్న ఒక ఎఫ్-క్లాస్ (పెద్ద గ్యాసు టర్బైన్లలో ఒక శ్రేణి) తరహాలో 1,44,000 గంటలు లేదా 5,000 స్టార్టులు. పెద్ద మరమ్మతుకు నెల ముందు ప్లాంటు అమ్మకానికి వస్తే ఆ చవకలో ఆ బిల్లు దాగి ఉంటుంది.

బోరోస్కోప్ పరీక్ష (సన్నని కెమెరాతో టర్బైన్ లోపల చూడడం) మీ మనిషితో చేయించండి, అమ్మేవాడి రిపోర్టు చాలదు. బాయిలర్ లోపలికి మనిషి దిగాలి. హెడర్ వెల్డులు, వంగిన గొట్టాలు చూడాలి. తయారీదారుతో సర్వీసు ఒప్పందం ఉంటే అది మీ పేరున బదిలీ అవుతుందా, ఇప్పటిదాకా కట్టిన సొమ్ముకు విలువ ఎవరిది? గ్రిడ్ కనెక్షన్ హక్కు, నీటి హక్కు, ఎయిర్ పర్మిట్‌లో ఏడాదికి ఎన్ని గంటలు, ఎన్ని స్టార్టులు అనుమతించారు, ఇవన్నీ కాగితం మీద చూడాలి. గంటల పరిమితి ఉన్న పీకర్‌ని రోజూ నడుపుదామని కొన్నవాళ్లకి మిగిలేది పర్మిట్ సవరణల పని. గ్యాసు రవాణా ఒప్పందం ప్లాంటుతో పాటు వస్తుందో రాదో తేలేదాకా ధర మాట్లాడకండి.

ప్రశ్న: మా ఇంటికి మైలు దూరంలో కో-ఆప్ ప్లాంటు ఉంది. తెల్లటి మేఘం రోజూ కనిపిస్తుంది. కొన్ని పొద్దుల్లో పసుపు పొగ, విమానంలాంటి హోరు. ఏదైనా ప్రమాదమా?

తెల్లటిది కూలింగ్ టవర్ నుంచి వచ్చే నీటి ఆవిరి. చలిరోజున ఎక్కువ కనిపిస్తుంది. పసుపు, గోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడ్. స్టార్ట్ అయ్యేటప్పుడు క్యాటలిస్ట్ ఇంకా వేడెక్కక కాసేపు కనిపించవచ్చు. స్టార్ట్ అయి గంటలు గడిచినా రంగు పోకపోతే మామూలు కాదు, తేదీ, టైము రాసుకుని కో-ఆప్‌కీ రాష్ట్ర పర్యావరణ శాఖకీ చెప్పండి. హోరు చాలావరకు ఆవిరి వెంట్.

వాసన విషయంలో మాత్రం జాగ్రత్త. ఇంట్లో గ్యాసుకి వాసన కలుపుతారు. ప్లాంటుకొచ్చే పెద్ద పైప్‌లైన్లలో గ్యాసుకి చాలాచోట్ల వాసన కలపరు. వాసన రాలేదు కాబట్టి లీకు లేదనుకోకూడదు. బుస్సుమనే శబ్దం, పొడి నేల మీద దుమ్ము ఎగరడం, నీటి గుంటలో బుడగలు, పచ్చగడ్డి మధ్య ఎండిన పట్టీ, ఇవి గుర్తులు. లీకు వైపు వెళ్లకుండా, గాలికి ఎదురు దిశగా నడిచి దూరం వెళ్లాకే 911కి, తర్వాత పైప్‌లైన్ గుర్తు స్తంభం మీదున్న నంబరుకి ఫోన్ చేయండి. అక్కడ కారు స్టార్ట్ చేయవద్దు. కంచె స్తంభం పాతాలన్నా ముందు 811కి చెప్పండి, ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.

ప్లాంటులో కొత్త గ్యాసు పైపులు వేస్తున్నారని తెలిస్తే ఒక్క ప్రశ్న తప్పక అడగండి: పైపుల్లో చెత్త ఊదడానికి ఏం వాడుతున్నారు? 2010 ఫిబ్రవరి 7న కనెటికట్‌లోని మిడిల్‌టౌన్‌లో, కట్టుబడి చివర్లో ఉన్న క్లీన్ ఎనర్జీ ప్లాంటులో పైపులు శుభ్రం చేయడానికి సహజ వాయువునే ఒత్తిడితో ఊదారు. అది నిప్పంటుకుని ఆరుగురు చనిపోయారు. ఆ పద్ధతిని నిషేధించాలని ఫెడరల్ కెమికల్ సేఫ్టీ బోర్డు గట్టిగా చెప్పింది. గాలి గానీ నైట్రోజన్ గానీ ఊదినా, పైపులో పిగ్ (లోపల చెత్తను తోసుకుంటూ పోయే పరికరం) నడిపినా అదే పని జరుగుతుంది. జవాబు ఈ మూడింటిలో ఒకటి కాకపోతే, పని మొదలయ్యేలోపే ఉత్తరం రాసి, నకలు స్థానిక ఫైర్ మార్షల్‌కి పంపండి.